వక్తకు ఇరవై నిమిషాలు, ప్రశ్నలకు గంట

పెద్దలకు, విద్యార్థులకు, గ్రంథాలయ సిబ్బందికి నమస్కారం.

నెలకోసారి సాయంత్రం పూట ఈ విశ్వవిద్యాలయ గ్రంథాలయం రీడింగ్ హాల్లో, చదువుతో నిమిత్తం లేకుండా ఊళ్ళోవాళ్ళు ఎవరైనా వచ్చి సైన్సు మాట్లాడుకునే ఏర్పాటు చేద్దామని అనుకుంటున్నారు. చాలా సంతోషం. ఎలా నడిపితే బాగుంటుందో చెప్పమని నన్ను పిలిచారు. నా మాట ముందే చెప్పేస్తాను. వక్తకు ఇరవై నిమిషాలు చాలు. తర్వాతి గంటంతా వచ్చినవాళ్ళ ప్రశ్నలకు వదిలేయాలి. ఈ ఒక్క నియమం గట్టిగా పట్టుకుంటే మిగతావి నిదానంగా సర్దుకుంటాయి.

ఈ పద్ధతి వేరేచోట నిలదొక్కుకున్నదే. 1992లో పారిస్‌లో మార్క్ సొటే అనే తత్వశాస్త్రజ్ఞుడు ఒక కాఫీ హోటల్లో ఆదివారం చర్చలు మొదలుపెట్టాడు. ఎవరైనా రావచ్చు, ఎవరైనా నోరు విప్పొచ్చు. ఆ సంగతి తెలిసి డంకన్ డాలస్ అనే టీవీ నిర్మాత 1998లో ఇంగ్లండులోని లీడ్స్‌లో సైన్సు కోసం అలాంటిదే పెట్టాడు. శాస్త్రవేత్త కాసేపు చెబుతాడు, చిన్న విరామం ఇస్తారు, ఎవరికి కావలసింది వాళ్ళు తెచ్చుకుని తాగుతారు, ఆ తర్వాత చర్చ. స్లైడ్లు లేకుండా చెప్పడమే అక్కడ అలవాటు. నాకది బాగా నచ్చింది. తెర వెలిగితే హాలు చీకటవుతుంది, అందరూ మళ్ళీ క్లాసులో కూర్చున్న పిల్లలైపోతారు. తర్వాత ఈ సైన్స్ కెఫేలు చాలా దేశాలకు పాకాయి, విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లోకీ వచ్చాయి.

ఆ రోజుల్లో బ్రిటన్‌లో ఏం జరిగిందో కూడా చెప్పాలి. 1990లో ఆవులకు వచ్చే మెదడు జబ్బు గురించి జనం భయపడుతుంటే, వ్యవసాయ మంత్రి కెమెరాల ముందు నాలుగేళ్ళ కూతురి నోటికి బీఫ్ బర్గర్ అందించి, భయమేమీ లేదన్నాడు. 1996 మార్చికల్లా అదే ప్రభుత్వం, ఆ జబ్బు మనుషులకు సోకి ఉండవచ్చని పార్లమెంటులో చెప్పాల్సి వచ్చింది. తెలియనిదాన్ని తెలిసినట్టు చెబితే ఏమవుతుందో ఆ దేశం చూసింది. పోయిన నమ్మకాన్ని ఇంకో ప్రకటన తిరిగి తేలేదు. ఎదురుగా కూర్చుని, అడిగినదానికి జవాబు చెప్పాల్సిందే.

మనకు ఇంత దగ్గరలో, శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, ఆ చుట్టుపక్కల మండలాలు. కొబ్బరి, జీడి తోటల నేల. షుగరు, బీపీ లేనివాళ్ళకు కూడా అక్కడ కిడ్నీలు పాడవుతున్నాయి. తాగే నీళ్ళలో సిలికా అన్నారు, భారలోహాలు అన్నారు, పురుగుమందులు అన్నారు. ఎండలో పనిచేస్తూ నీళ్ళు తక్కువ తాగడం అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు, వంశంలో ఉందేమో అన్నారు. ఇదే కారణమని ఏదీ తేలలేదు. శ్రీలంకలో వరి రైతులకు, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు కోసే కూలీలకు ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడి చెరకు తోటల్లో ఎండదెబ్బ మీద అనుమానం బలంగా ఉంది. కూలీలకు నీడ, నీళ్ళు, విరామం పెంచినచోట కొంత మేలు కనబడింది. మన దగ్గర వంశధార నీళ్ళు ఊళ్ళకు తెచ్చే పథకం వచ్చింది, పలాసలో 2023లో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కారణం వెతికే పని మాత్రం ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు ఈ హాల్లో ఒక కిడ్నీ డాక్టరుగారు, ఎదురుగా కవిటి నుంచి వచ్చిన ఒక రైతు ఉన్నారనుకోండి. రైతు అడిగేది ఒకటే: "మా బోరు నీళ్ళు తాగాలా, మానాలా?" డాక్టరు నిజాయితీగా చెబితే, "జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తెలియదండీ" అనాలి. నలభై నిమిషాల ఉపన్యాసంలో ఈ మాట ఇమడదు, వినేవాళ్ళకు చేతులెత్తేసినట్టు ఉంటుంది. అదే చర్చలోనైతే రైతు వదిలిపెట్టడు. "మరి ఏం తెలుసు?" అంటాడు. అప్పుడు అసలు సంగతులు బయటికొస్తాయి. డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు వాడొద్దని, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తంలోని క్రియాటినిన్ పరీక్ష ఎందుకు చేయించుకోవాలో, చాలామందిలో లక్షణాలు కనబడేసరికే కిడ్నీలు చాలావరకు దెబ్బతిని ఎందుకుంటాయో. ఒక అనుమానం రుజువు కావాలంటే ఏమేం కొలవాలో కూడా. ఇక రైతు దగ్గరున్న సమాచారం మరెవరి దగ్గరా ఉండదు. ఏ బావి ఎప్పుడు తవ్వారు, తోటలో ఏ మందు ఎన్నేళ్ళుగా కొడుతున్నారు, ఏ వీధిలో ఎవరికి ముందు వచ్చింది. పరిశోధన చేసేవాళ్ళు ఆ సాయంత్రం నోటుబుక్కు తెచ్చుకుని కూర్చోవాలి. వాళ్ళకు కావలసింది అక్కడ దొరుకుతుంది.

ఫ్లోరోసిస్ సంగతి ఇంకో రకం. దర్శి, పొదిలి ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. అక్కడి నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందనీ ఎముకల జబ్బు దానివల్లేననీ 1937లోనే రాశారు. అదే జబ్బున్న నల్గొండలో మనుషులు ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు అలాంటి నీళ్ళే తాగారు. ఎందుకలా జరిగింది? దీనికి కెమిస్ట్రీ ప్రొఫెసరు ఒక్కరే జవాబు చెప్పలేరు, ఇంజనీరును కూడా కూర్చోబెట్టాలి.

గ్రంథాలయంలోనే ఎందుకంటే, ప్రశ్న పుట్టిన చోటుకు పది అడుగుల్లో పుస్తకం ఉంటుంది. లైబ్రేరియన్‌గారు ఆ నెల అంశం మీద పదిహేను పుస్తకాలు, పత్రికలు బల్లమీద పరిచిపెడితే చాలు. తర్వాత పెద్ద శాస్త్రవేత్త అయిన మైకేల్ ఫారడే మొదట బైండింగు పని నేర్చుకునే కుర్రాడు. తను కుట్టే పుస్తకాల్లోనే కరెంటు గురించి చదివాడు. 1812లో ఎవరో టికెట్లు ఇస్తే లండన్‌లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు వెళ్ళాడు, నోట్సు రాసి, బైండు చేసి ఆయనకే పంపాడు. మరుసటి ఏడాది డేవీ దగ్గరే సహాయకుడిగా చేరాడు. మన విశాఖలో బడికి వెళ్ళిన సి.వి. రామన్ కలకత్తాలో ఆర్థికశాఖ ఉద్యోగి. 1907లో బౌబజార్ వీధిలో మహేంద్రలాల్ సర్కార్ 1876లో పెట్టిన సైన్సు సంస్థ బోర్డు చూసి లోపలికి వెళ్ళాడు. ఆఫీసు పనికి ముందూ తర్వాతా అక్కడ ప్రయోగాలు చేసుకోనిచ్చారు. ఆ వీధిలోనే 1928లో రామన్ ఎఫెక్ట్ దొరికింది. బయటివాణ్ణి లోపలికి రానివ్వడం ఎంత పెద్ద పనో చూడండి.

కొన్ని కోరికలున్నాయి. చర్చ తెలుగులో జరగాలి. 1906లోనే విజ్ఞానచంద్రికా మండలి తెలుగులో సైన్సు పుస్తకాలు వేయడానికి పూనుకుంది, మనకు సాకు లేదు. ముఖ్య అతిథి, శాలువా, జ్ఞాపిక వద్దు, వాటికే అరగంట పోతుంది. మొదటి ప్రశ్న ప్రొఫెసర్లకు ఇవ్వకండి. వెనక వరసకో, స్కూలు పిల్లలకో ఇవ్వండి. మే రెండో వారంలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం నిలబెట్టిన కర్రకు నీడ ఎందుకు కనబడదని ఏ పిల్లాడైనా అడిగితే, ఆ సాయంత్రమంతా దానికే ఇచ్చినా నాకు సంతోషమే.

చివరగా రిజిస్ట్రార్‌గారికి ఒక విన్నపం. ఆ ఒక్క సాయంత్రం గేటు దగ్గర ఐడీ కార్డు అడగొద్దని సెక్యూరిటీకి రాతపూర్వకంగా చెప్పండి. కవిటి రైతు అంతదూరం నుంచి బస్సు దిగి వచ్చి గేటు దగ్గరే ఆగిపోతే నేను చెప్పినదేదీ జరగదు. మొదటి చర్చ ఉద్దానం నీళ్ళ మీద పెట్టండి. ఆరింటికి మొదలుపెట్టి ఏడున్నరకు ముగిస్తే వాళ్ళకు తిరుగు బస్సు దొరుకుతుంది.