కోడిపిల్లల షెడ్డులో గ్యాస్ బ్రూడర్ వేలాడదీయడం: గొలుసు, గ్యాసు, గాలి

(దృశ్యం: సాయంత్రం వేళ రేకుల షెడ్డు. ట్రస్సు (కప్పును మోసే ఇనుప చట్రం) నుంచి గొలుసుకు వేలాడుతున్న బ్రూడర్, కింద పరిచిన వరి పొట్టు.)

వ్యాఖ్యానం: కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే కావలి నుంచి సింగరాయకొండ దాకా కోళ్ల షెడ్లకు పరదాలు దించేస్తారు. ఒకరోజు వయసు పిల్లలకు 32 నుంచి 34 డిగ్రీల వేడి కావాలి మరి. ఆ వేడినిచ్చే బ్రూడర్‌కు పొగగొట్టం ఉండదు, మంట షెడ్డు గాలిలోనే మండుతుంది. అందుకే గొలుసు ఎంత గట్టిదో చూసినట్టే, పరదా ఎంత తెరిచామో కూడా చూసుకోవాలి.

(దృశ్యం: ట్రస్సు పైపు దగ్గరగా. ఇసుక బస్తా వేలాడుతూ ఉంటుంది.)

వ్యాఖ్యానం: ముందు బరువు సంగతి. రేకులు బిగించిన హుక్కుకు గానీ, వెదురు బొంగుకు గానీ కట్టొద్దు. ట్రస్సు ఇనుప పైపుకే కట్టండి. తాటాకు కప్పున్న పాకలో అయితే గ్యాస్ బ్రూడర్ ఆలోచనే మానుకోండి. బ్రూడర్ బరువుకు నాలుగింతలు ఉండే ఇసుక బస్తాను అదే గొలుసుకు అరగంట వేలాడదీసి చూడండి. పైపు వంగకపోతే, హుక్కు నోరు తెరుచుకోకపోతే అప్పుడు బ్రూడర్ ఎక్కించండి. నైలాన్ తాడు వేడికి మెత్తబడి సాగిపోతుంది, అది పనికిరాదు.

రెండో గొలుసు తప్పనిసరి. దాన్ని ట్రస్సులో వేరే చోట, కాస్త వదులుగా కట్టండి. మొదటిది తెగినా బ్రూడర్ పొట్టుకు తగలకుండా ఆగాలి. వరి పొట్టు వెంటనే మంటై లేవదు, లోలోపల మాడుతూ పోతుంది. రాత్రి పూట ఎవరూ గమనించరు.

ఎత్తు ఎంతన్నది మీ మోడల్‌తో వచ్చిన పుస్తకంలో చూసి పెట్టండి. కొలిచేది నేల నుంచి కాదు, పొట్టు పై నుంచి. పక్కలకు పరదా, మేత బస్తాలు కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి. పుస్తకం ఎక్కువ చెబితే అంత దూరం పెట్టండి. ఈదురుగాలికి పరదా ఎగిరి బ్రూడర్‌కు తగలడమే మనవైపు పెద్ద ముప్పు, కాబట్టి పరదా అడుగు అంచును గట్టిగా కట్టేయండి.

(దృశ్యం: షెడ్డు బయట నీడలో నిలబెట్టిన సిలిండర్లు.)

వ్యాఖ్యానం: సిలిండర్ 19 కిలోల కమర్షియల్‌దే వాడాలి. ఇంటి 14.2 కిలోల సిలిండర్ షెడ్డుకు వాడటం చట్టవిరుద్ధం. షెడ్డు బయట, నీడలో, నిలువుగా ఉంచండి. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది, కారితే పల్లానికి పాకుతుంది. పక్కన గుంట, కాలువ ఉండకూడదు. లైసెన్సు లేకుండా ఒకచోట నిల్వ చేయగలిగేది 100 కిలోల వరకే, అంటే 5 సిలిండర్లు.

5 కిలోవాట్ల బ్రూడర్ పూర్తి మంట మీద గంటకు దాదాపు 400 గ్రాములు తాగుతుంది. 19 కిలోలు రెండు రోజులకు దగ్గరగా వస్తాయి. ఒకే సిలిండర్ మీద రెండుమూడు బ్రూడర్లు పెడితే సిలిండర్ ఒంటికి మంచు పట్టి, తెల్లవారుజామున చలి ముదిరే వేళకు మంట సన్నబడుతుంది. దానికి వేడినీళ్లు పోయడం, మంట చూపించడం చేయొద్దు. సిలిండర్లను కలిపే పైపుకు, అంటే మానిఫోల్డ్‌కు, ఇంకో సిలిండర్ కలపండి.

షెడ్డు లోపలి లైనుకు జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపు మేలు. కోళ్ల రెట్ట నుంచి లేచే అమ్మోనియా రాగిని తినేస్తుంది, ఇత్తడి నట్లకు వెంట్రుక పగుళ్లు తెస్తుంది. రబ్బరు ట్యూబు చివర్లో మాత్రమే, అదీ ఐఎస్ఐ గుర్తున్నది, బ్రూడర్ ప్రెషర్‌కు సరిపడేది. బ్రూడర్ బరువు ట్యూబు మీద పడకూడదు, ట్యూబు బ్రూడర్ పైనుండే వేడి గొడుగుకు ఆనకూడదు. రెగ్యులేటర్ ప్రెషర్ బ్రూడర్ ప్లేటు మీద రాసిన అంకెకు కలవాలి. పొడవైన షెడ్డులో ఇంటి రెగ్యులేటర్ ఒక్కటి పెడితే చివరి బ్రూడర్‌కు గ్యాసు చాలదు.

(దృశ్యం: జాయింటు మీద సబ్బు నురగ, బుడగ ఉబ్బుతుంది.)

వ్యాఖ్యానం: ప్రతి జాయింటుకూ సబ్బు నీళ్లు రాయండి. బుడగ లేస్తే వాల్వు మూసి, విప్పి, గ్యాసుకు పనికొచ్చే టేపు మళ్లీ చుట్టండి. అగ్గిపుల్లతో చూడటం ప్రాణాల మీదకు తెస్తుంది.

వెలిగించేటప్పుడు నాబ్ నొక్కి, మంట అందుకున్నాక 20, 30 సెకన్లు పట్టుకోండి. ఆ వేడికి థర్మోకపుల్, అంటే మంట వేడిని పసిగట్టే కడ్డీ, గ్యాసు వాల్వును తెరిచి ఉంచుతుంది. వదిలితే ఆరిపోతోందని నాబ్‌కు తీగ కట్టేసేవాళ్లున్నారు. అలా కడితే మంట ఆరిన రోజు గ్యాసు ఆగదు. థర్మోకపుల్ మార్చండి. ఆరిన బ్రూడర్‌ను మళ్లీ వెలిగించే ముందు ఐదు నిమిషాలు ఆగి, పరదాలు తెరవండి.

(దృశ్యం: పరదా పై అంచున వదిలిన సందు.)

వ్యాఖ్యానం: ఇప్పుడు గాలి సంగతి. కిలో గ్యాసు మండితే ఒకటిన్నర కిలోలకు పైగా నీటి ఆవిరి, మూడు కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. రెండు బ్రూడర్లు పది గంటలు మండితే షెడ్డులోకి దాదాపు 12 లీటర్ల నీరు చేరినట్టు. పొట్టు తడిసి అమ్మోనియా పెరగడానికి ఇదొక కారణం. ఆక్సిజన్ తగ్గితే మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే బయటికి రావాలి.

పరదాను పైన జానెడు తెరిచి, షెడ్డు పొడవునా అలాగే ఉంచండి. పిల్లలకు గాలి నేరుగా తగలకుండా కింద మూసి, పైన వదలాలి. కాపలా మనిషి మంచం షెడ్డు బయటే వేయాలి, ఎంత చలిగా ఉన్నా సరే.

మంట పసుపు రంగుకు మారినా, గొడుగుకు మసి పట్టినా గాలి రంధ్రాల్లో పొట్టు దుమ్మో సాలీడు గూడో ఉంటుంది. చల్లారాక మెత్తటి బ్రష్షుతో తుడవండి. గ్యాసు బయటికొచ్చే జెట్ రంధ్రంలో తీగ గుచ్చొద్దు, అది పెద్దదైతే మంట ఎప్పటికీ సరిగా రాదు.

(తెర మీద: గ్యాసు వాసన వస్తే వాల్వు మూయండి. స్విచ్చులు ముట్టొద్దు. పరదాలు ఎత్తి మనుషుల్ని బయటికి పంపండి. గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 1906కు ఫోన్ దూరంగా వెళ్లాకే చేయండి.)