పిల్లి లేని ఇల్లు

(తెలుగు భాషా దినోత్సవం నాడు జూనియర్ కాలేజీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇందాక వరండాలో నిలబడి మీ గోలంతా విన్నాను. ప్రిన్సిపాల్ గారు గుమ్మంలో కాలు పెట్టగానే ఫ్యాన్ల చప్పుడు కూడా వినపడింది. ఏం మాట్లాడాలా అని దారంతా టెన్షన్ పడుతూ వచ్చాను, విషయం మీరే అందించారు. 'పిల్లి లేని ఇంట్లో ఎలుకలు గంతులేసినట్టు.' కొన్ని ఇళ్లలో 'ఎలుకలదే రాజ్యం' అంటారు.

ఈ సామెత మన ఒక్కరిదే కాదు. పిల్లి లేకపోతే ఫ్రెంచివాళ్ల ఎలుకలు నాట్యం చేస్తాయి. జర్మన్ల ఎలుకలైతే ఏకంగా బల్లెక్కి ఆడతాయి. చైనాలో పులి లేని కొండకు కోతి రాజు. నాకు బాగా నచ్చింది మాత్రం జపాన్ వాళ్లది. దెయ్యం ఇంట్లో లేనప్పుడే బట్టలు ఉతుక్కోవాలట! ఉతుక్కోవడమంటే అక్కడ మనసు తేలిక చేసుకోవడం. మిగతావన్నీ పిల్లి చెప్పిన మాటలైతే, ఇదొక్కటి ఎలుక చెప్పిన మాట.

మన సామెతను ఎవరంటారో ఎప్పుడైనా గమనించారా? ఇంటికి తిరిగొచ్చిన పిల్లే. 1868లో కెప్టెన్ కార్ అనే సైనికాధికారి మన సామెతలను పోగేసి 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక' పేరుతో మద్రాసులో అచ్చు వేయించాడు. గొప్ప పని. కానీ ఏ సామెతల పుస్తకంలోనైనా మాట దొరుకుతుంది, గొంతు దొరకదు. దిండ్లతో కొట్టుకుని ఇల్లంతా దూది చేసిన పిల్లలతో అమ్మ ఈ మాటంటే నవ్వొస్తుంది. పొరుగూరి పెళ్లి నుంచి వచ్చిన అత్తగారు పాలగిన్నెలోకి తొంగి చూసి, కోడలికి వినపడేలా పక్కింటావిడతో అంటే అది వాతే. ఇంతకీ ఆ కోడలు చేసిన నేరం? రెండు రోజులు మీగడ తనే వేసుకు తినడం.

తమాషా ఏంటంటే, 'అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు' అన్నదీ మనమే. వెటకారమే అనుకోండి. అయినా కాపలా లేనప్పుడే మనుషులు మంచివాళ్లని ఒప్పుకున్నట్టే కదా! ఇక కాపలాదారే తింటే, దానికి 'కంచే చేను మేసినట్టు' ఎలాగూ ఉంది.

నేను ముప్పయ్యేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పాను. ఆఫీసు రూముకు వెళ్లాల్సి వస్తే క్లాసు లీడర్ చేతికి సుద్దముక్క ఇచ్చి వెళ్లేవాణ్ని. తిరిగొచ్చేసరికి బోర్డు మీద 'మాట్లాడినవారు', దాని కింద పేర్లు, పేర్ల పక్కన ఇంటూ మార్కులు. ఒకరోజు మూడో పేరు దగ్గర తడిచేత్తో తుడిచిన మరక కనపడింది. లీడర్ జేబు ఉబ్బెత్తుగా ఉంది. తీయరా అంటే సగం కొరికిన జామకాయ, చిన్న ఉప్పుకారం పొట్లం తీశాడు. ఎలుకకు పిల్లి ఉద్యోగం ఇస్తే అంతే మరి. లీడర్ని మార్చాను. కొత్తవాడి జేబులో రేగుపళ్లు దొరికాయి.

అయ్యవార్లం మేమే పిల్లులమని అప్పట్లో ధీమా. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో టీచర్లు ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకునే పద్ధతి వచ్చింది. నేను అప్పటికే రిటైరయ్యాను కాబట్టి బతికిపోయాను.

జామకాయ సంగతి తర్వాత నేను ఇంకో పద్ధతి పట్టుకున్నాను. వరండా మలుపులోనే గట్టిగా దగ్గేవాణ్ని. ఇది మా తాతగారి దగ్గర నేర్చింది. పొలం నుంచి వస్తూ ఆయన వీధి చివరే దగ్గేవారు. జలుబూ లేదు, ఆయాసమూ లేదు. పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఎలుకలు మీటింగు పెట్టుకున్న కథ మీకు తెలుసుగా, మా ఇంట్లో పిల్లే కట్టుకుంది. ఆ దగ్గు వినగానే అరుగు మీద పచ్చీసు ఆడుతున్న అమ్మా, పిన్నీ గవ్వలు కొంగులో పోసుకుని లోపలికి పరుగెత్తేవారు. సుద్దతో గీసిన గళ్లు మాత్రం అలాగే ఉండిపోయేవి. తాతగారు చెప్పులు విడిచి, వాటి మీద కాలు పడకుండా పక్కనుంచి దాటుకుని ఇంట్లోకి వెళ్లేవారు.