ఎగిరే టాక్సీలో నలుగురే, మన టోటోలోనూ నలుగురే!

ఆఁ, నమస్కారమండీ అందరికీ. ఒడిశా బరంపురం పాత బస్టాండు దగ్గర టోటోలో, అదే బ్యాటరీ షేర్ ఆటోలో, కూర్చుని మాట్లాడుతున్నాను, ఇంకో ఇద్దరు ఎక్కితే గానీ బండి కదలదంట, ఆ లోపల వీడియో చేసీద్దాం.

దుబాయ్ ఎయిర్ టాక్సీ వీడియో మీకూ వచ్చే ఉంటాది, నాకు ఒక్క రోజులో నాలుగు గ్రూపుల్లో వచ్చింది, మా చిన్నాన్నయితే కింద "ఇదిరా ఫ్యూచరంటే" అని రాసి మరీ పంపాడు. జోబీ అని అమెరికా కంపెనీ, 2024లో దుబాయ్‌తో అగ్రిమెంటు చేసుకుంది, బ్యాటరీ మీద ఎగురుతాది, గంటకి 320 కిలోమీటర్ల దాకా స్పీడంట. బాగుంది. లోపల ఎంతమంది పడతారో చూశారా? పైలట్ కాకుండా నలుగురు. నలుగురండీ బాబూ! మరి ఈ టోటోలో రూలు ప్రకారం ఎంతమంది? డ్రైవర్ కాకుండా నలుగురు. అదీ బ్యాటరీయే, ఇదీ బ్యాటరీయే. తేడా ఏటంటే దానికి 320, దీనికి రూలు ప్రకారం 25, ఆ 25 కూడా గిరి రోడ్డులో ఎక్కడ పోనిస్తారు, ఆవు అడ్డంగా పడుకునుంటాది.

అందుకే చెప్తున్నాను, నవ్వితే నవ్వండి, సిటీల్లో రేపటి ప్రయాణం అంటే షేర్ ఆటోయే. షేర్ ఆటోయే!

ఊరికే అనట్లేదు. ఊబర్ వాళ్ళు 2014లో పూల్ అని పెట్టారు గుర్తుందా, ఒకే కారులో ముక్కూమొహం తెలీని ఇద్దరు ముగ్గురు. 2018లో ఇంకో అడుగేసి ఎక్స్‌ప్రెస్ పూల్ అన్నారు, అంటే కారు మీ గుమ్మం దగ్గరికి రాదు, మీరే నాలుగడుగులు నడిచి సందు చివరికి రావాలి, దిగాక మళ్ళీ కాస్త నడవాలి, అందుకే రేటు తక్కువ. ఏటండీ ఇది? కోట్లు పెట్టి, ఇంజనీర్లని కూర్చోబెట్టి, చివరికి కనిపెట్టింది మన షేర్ ఆటోని! మన డ్రైవర్ "మెడికల్ మెడికల్" అని అరిస్తే ఎవడెక్కాలో వాడు ఎక్కీస్తాడు, యాప్ లేదు, ఓటీపీ లేదు.

యాప్ అంటే గుర్తొచ్చింది, పోయిన నెల రాత్రి పదకొండింటికి స్టేషన్లో దిగి ఓ యాప్‌లో బండి బుక్ చేశాను, పేరు చెప్పను, మూడుసార్లు క్యాన్సిల్. మూడోవాడు ఫోన్ చేసి "ఎక్కడికి" అని అడిగి, చెప్పగానే కట్ చేసీశాడు. చివరికి ఇంటికి తెచ్చింది ఎవరు? టోటోయే.

డ్రైవర్ లేని కార్లొస్తే ఈ గొడవే ఉండదు అంటారు. జనరల్ మోటార్స్ వాళ్ళు క్రూజ్ అని డ్రైవర్ లేని టాక్సీల కంపెనీ మీద వెయ్యి కోట్ల డాలర్లకి పైగా పోశారు, 2023 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ కారు ఓ మనిషిని రోడ్డు మీద ఈడ్చుకెళ్ళింది, లైసెన్స్ ఊడింది, 2024 డిసెంబరుకి టాక్సీ దుకాణమే మూసుకున్నారు. వేమో అని గూగుల్ గ్రూపు వాళ్ళ డ్రైవర్ లేని బండ్లు అమెరికాలో తిరుగుతున్నాయి, కాదనను. మన గడ్కరీ గారైతే 2023లోనే చెప్పీశారు, డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయి, ఇండియాలోకి రానివ్వను అని. అయినా ఆ కారు వచ్చినా ఏటి లాభం, ఒక్కడు కూర్చుంటే ఒక్కడే కదా, రోడ్డు మాత్రం అంతే ఆక్రమిస్తాది!

మెట్రో సంగతి ఎత్తకండి. భువనేశ్వర్‌లో 2024 జనవరి 1న కొబ్బరికాయ కొట్టారు, గవర్నమెంటు మారింది, 2025లో టెండర్లు క్యాన్సిల్.

మా తాతది పర్లాకిమిడి. 1900లో రాజావారు నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేయించారు, 1931కి అది గుణుపురం దాకా పోయింది, 2004లో ఆపీసి పెద్ద లైను వేశారు. తాత ఆ చిన్న రైలు గురించి గంటలు గంటలు చెప్పేవాడు, నడుస్తుండగా దిగి మళ్ళీ ఎక్కొచ్చని, అబద్ధమో నిజమో. కానీ చూడండి, రైలు మారింది, పట్టాలు మారాయి, స్టేషన్ నుంచి ఇంటికి మాత్రం అప్పుడు జట్కా, తర్వాత రిక్షా, ఇప్పుడు టోటో. ఆ చివరి రెండు కిలోమీటర్లు ఏ మొనగాడూ ముట్టుకోలేదు! ఎగిరే టాక్సీ అయినా మేడ మీద దింపుతాదంట, అక్కణ్ణుంచి కిందకొచ్చి ఏటెక్కుతావు నాయనా?

అదిగో, ఇద్దరొచ్చారు, నలుగురం అయిపోయాం. ఆగండాగండి, కూరల గంపతో ఓ మామ్మ పరిగెత్తుకొస్తోంది, డ్రైవర్ ఆమెతో ఒడియాలో "ఆసొ మావుసీ" అని, నాతో తెలుగులో "కాస్త జరగండి బాబూ" అంటున్నాడు... ఏయ్, రూలు ప్రకారం నలుగురేనని ఇప్పుడే కెమెరాలో చెప్పానయ్యా! "గంప మీ ఒళ్ళో పెట్టుకోండి" అంటన్నాడు. వంకాయలండీ. ఉంటాను మరి.