స్టెల్లేరియంలో అపోఫిస్: ఎపోక్ సరిచూసుకుంటేనే సరైన చోట కనిపిస్తుంది

సరే, కంప్యూటర్‌లో ఆకాశాన్ని చూపించే ప్రోగ్రామ్ స్టెల్లేరియం తెరిచే ఉంది. అందులో అపోఫిస్ అనే గ్రహశకలాన్ని చేర్చి చూద్దాం. ఎఫ్2, ప్లగిన్స్, సోలార్ సిస్టమ్ ఎడిటర్. స్టార్టప్‌లో లోడ్ అయ్యే టిక్ లేకపోతే పెట్టి, ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరవండి. ఇప్పుడు కాన్ఫిగర్, ఇంపోర్ట్, ఆస్టరాయిడ్స్, ఆన్‌లైన్ సెర్చ్‌లో 99942. ఇదిగో, అపోఫిస్. టిక్ కొట్టి యాడ్ చేసేయండి. లిస్టులో ముందే ఉంటే అప్‌డేట్ ఆప్షన్ ఎంచుకోండి, అంతే.

ఇక్కడ మాత్రం ఆగుదాం. అపోఫిస్ కక్ష్యను చెప్పే ఈ అంకెలు చూడండి, వీటినే ఎలిమెంట్స్ అంటారు. సెమీ మేజర్ యాక్సిస్ (కక్ష్య పొడవులో సగం) 0.92 ఆస్ట్రనామికల్ యూనిట్లు (ఒక యూనిట్ అంటే భూమికీ సూర్యుడికీ సగటు దూరం), ఎక్సెంట్రిసిటీ (కక్ష్య ఎంత సాగిందో) 0.19, వాలు 3.3 డిగ్రీలు. వీటితో పాటు ఇంకో రెండు కోణాలు. ఈ అయిదూ కక్ష్య ఎలా ఉందో చెబుతాయి. ఆరోది మీన్ అనామలీ, రాయి ఆ కక్ష్యలో ఎక్కడుందో చెబుతుంది. ఎక్కడుందో అంటే, ఏ రోజున? ఎపోక్ రోజున, అంటే ఈ అంకెలు ఏ తేదీకి లెక్కగట్టారో ఆ రోజున. ఆ తేదీ తప్పితే మిగతావన్నీ ఒప్పయినా లాభం లేదు.

గ్రహశకలాల కక్ష్యల లెక్కలు ఉంచే మైనర్ ప్లానెట్ సెంటర్ ఫైల్లో ఎపోక్ ఇలా ఉంటుంది: కె25బిఎల్. కె అంటే 20, పక్కన 25, అంటే 2025. ఎ నుంచి 10, 11 అని లెక్కపెట్టుకుంటూ వెళ్తే బి 11వ నెల, ఎల్ 21వ తేదీ. 2025 నవంబర్ 21. జూలియన్ డేట్‌లో, అంటే రోజులను వరుసగా లెక్కపెట్టే పద్ధతిలో, 2461000.5. చేత్తో కొట్టేటప్పుడు ఆ చివరి .5 వదిలేశారో, సగం రోజు తేడా. సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగం కదా, రాయి కక్ష్యలో దాదాపు 13 లక్షల కిలోమీటర్లు జరిగిపోతుంది!

ఇంకోటి. స్టెల్లేరియం సూర్యుడి చుట్టూ ఒక్క దీర్ఘవృత్తం గీస్తుంది, భూమి లాగడం లెక్కలోకి రాదు. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ భూమి ఉపరితలానికి సుమారు 32,000 కిలోమీటర్ల ఎత్తులో వెళ్తుంది. దాంతో కక్ష్యే మారిపోతుంది, ఏటెన్ వర్గం (భూమి కంటే చిన్న కక్ష్య) నుంచి అపోలో వర్గంలోకి (భూమి కంటే పెద్ద కక్ష్య). పాత ఎలిమెంట్స్‌తో ఆ రాత్రికి తేదీ జరిపితే బొమ్మ చక్కగానే వస్తుంది, హెచ్చరికేమీ రాదు, కానీ చోటు తప్పు. అందుకే చూడబోయే తేదీకి దగ్గరి ఎపోక్‌తో మళ్లీ ఇంపోర్ట్ చేయండి.

ఇక ఎఫ్3లో వెతకండి, స్పేస్ నొక్కితే మధ్యలోకి వస్తుంది, ఎల్‌తో కాలం వేగం పెంచండి, కె నొక్కితే మామూలు వేగం. మౌస్ కంటే ఈ కీలే హాయి.

ఆఖరున నాసా జేపీఎల్ వారి ఆన్‌లైన్ లెక్కల సేవ హొరైజన్స్‌తో పోల్చండి, జె2000 నిరూపకాలు (2000 సంవత్సరం ఆధారంగా ఇచ్చేవి), అదే యూటీ (ప్రపంచ ప్రామాణిక) సమయం. అక్కడ పరిశీలన స్థానం మామూలుగా భూకేంద్రం అని ఉంటుంది, దాన్ని మీ ఊరికి మార్చండి. రాయి 10 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటే ఈ ఒక్క పొరపాటుకే 22 ఆర్క్ నిమిషాల (ఒక్కోటి డిగ్రీలో 60వ వంతు) దాకా తేడా వస్తుంది. టెలిస్కోప్ ఐపీస్‌లోంచి రాయి బయటికి పోవడానికి అది చాలు.