చీటీ చూడలేని ఓటరు సంగతేంటి?

(జాతీయ ఓటర్ల దినోత్సవం సందర్భంగా ఒంగోలులో ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక పెట్టిన మీటింగు, మీకు నిద్ర రాకుండా చూసే పూచీ నాది. ప్రతిజ్ఞ పొద్దున్నే అయిపోయింది కాబట్టి ఓటు వజ్రాయుధమని నేను మళ్ళీ చెప్పను. ఓటేసే మిషన్, అదే ఈవీఎం, గురించి మాట్లాడతాను.

కనిగిరి వైపు ఒక పల్లెలో పోలింగ్ డ్యూటీ చేశాను. ఫ్లోరైడ్ నీళ్ళకి నడుం వంగిపోయి, వేళ్ళు ముడుచుకుపోయిన పెద్దాయన ఒకరు ఓటుకొచ్చారు. కంపార్ట్‌మెంట్ లోపల ఏం జరుగుతోందో మాకు కనపడదు, బీప్ కోసం చెవులు రిక్కించడమే మా పని. అది ఎంతకీ రాదు. చివరికి మోగింది. బయటికొచ్చి ఆయన అన్నారు: "మీట దిగలేదు అబ్బయ్యా, పిడికిలితో గుద్దా. చీటీ చూద్దామని తలెత్తేలోపు పడిపోయింది."

ఓటు ఏ గుర్తుకి పడిందో చీటీ మీద అచ్చేసి అద్దంలోంచి చూపించే పెట్టె వీవీప్యాట్. అందులో చీటీ కనపడేది ఏడు సెకన్లే. మెడ తిరగని మనిషికి అది ఏ మూలకి?

అదే బూత్‌లో చూపు లేని ఒకాయన కోడల్ని వెంటబెట్టుకొచ్చారు. ఎన్నికల నియమాల్లోని రూల్ 49ఎన్ ప్రకారం సహాయకుణ్ణి తెచ్చుకోవచ్చు. రహస్యం బయటపెట్టనని ఆ సహాయకుడు సంతకం పెట్టాలి. ఆమె పెట్టింది. అయినా లెక్క చూడండి: మామ ఎవరికి వేయమన్నాడో కోడలికి తెలుసు, కోడలు దేన్ని నొక్కిందో మామకి తెలియదు. మీటలుండే పెట్టె, అంటే బ్యాలెట్ యూనిట్ మీద బ్రెయిలీ అంకెలుంటాయి, బ్రెయిలీ నమూనా పత్రం కూడా ఇస్తారు, నిజమే. బ్రెయిలీ వచ్చినవాళ్ళు సొంతంగా నొక్కొచ్చు. కానీ చీటీ మాత్రం కళ్ళున్నవాళ్ళకే. స్వేచ్ఛగా, న్యాయంగా ఎన్నికలు జరగాలంటే ఈ కాగితం ఉండి తీరాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉండి తీరాల్సిన ఆ తనిఖీ ఈయనకి లేదు. అందుకే భద్రత ఒక శాఖ, వికలాంగుల సౌకర్యం ఇంకో శాఖ అని విడగొడితే నేనొప్పుకోను.

అమెరికాలో ఈ పాఠం ఖరీదుగా నేర్చుకున్నారు. 2000 అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా రాష్ట్రం ఓట్ల లెక్కింపు రచ్చయ్యాక, 2002లో చట్టం తెచ్చి కొత్త మిషన్లకి నిధులు కుమ్మరించారు. ప్రతి పోలింగ్ కేంద్రంలో వికలాంగులు సొంతంగా ఓటేసే మిషన్ ఒకటైనా ఉండాలన్నారు. మరుసటేడే ఒక టచ్‌స్క్రీన్ మిషన్ కోడ్ చదివిన పరిశోధకులు అందులో లోపాలు బయటపెట్టారు. 2005లో అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 75 లక్షల డాలర్లిచ్చి, జాన్స్ హాప్‌కిన్స్ ప్రొఫెసర్ ఆవి రూబిన్ నాయకత్వంలో 'అక్యురేట్' అనే పరిశోధన కేంద్రం పెట్టించింది. అందులో కంప్యూటర్ వాళ్ళతో పాటు న్యాయశాస్త్రం, మనస్తత్వశాస్త్రం వాళ్ళనీ కూర్చోబెట్టారు. ఆ కేంద్రంలో భాగమైన రైస్ యూనివర్సిటీలో ఒక ప్రయోగం చేశారు. ఓటరు ఎంచుకున్నదొకటి, చివరి తెరమీద చూపించింది ఇంకొకటి. 60 శాతానికి పైగా జనం గమనించనే లేదు! చూపున్నవాళ్ళు సుమండీ.

అక్కడే మరో ప్రొఫెసర్ వాన్ గిల్బర్ట్. ఆయన పట్టుదల ఒక్కటే: చూపు లేనివాళ్ళకొక మిషన్, మిగతావాళ్ళకొక మిషన్ వద్దు. తెరని తాకినా, చెవిలో పేర్లు విని నోటితో చెప్పినా పనిచేసేలా ప్రైమ్ త్రీ అనే ఓటింగ్ వ్యవస్థ తయారుచేశారు. చివరికి వచ్చేది మామూలు కాగితం బ్యాలెటే. ప్రభుత్వ సొమ్ముతో ముందుకు సాగిన ఈ పని 2016లో న్యూ హాంప్‌షైర్ ఎన్నికల దాకా వెళ్ళింది.

మన ఈవీఎం వేరే జాతి. నెట్‌వర్క్ లేదు, టచ్‌స్క్రీన్ లేదు. హైదరాబాద్ ఈసీఐఎల్, బెంగళూరు బీఈఎల్ తయారుచేస్తాయి. అవీ ప్రభుత్వ సంస్థలే. కానీ బయటి పరిశోధకులకి మిషన్ అందదు. 2010లో హైదరాబాద్ ఇంజనీరు హరిప్రసాద్, విదేశీ పరిశోధకులు కలిసి ఒక ఈవీఎంని విప్పి చూసి లోపాలు చూపించారు. తర్వాత మిషన్ దొంగతనం కేసులో ఆయన్ని అరెస్టు చేశారు. పరీక్ష చేస్తామన్నవాళ్ళకి సర్కారే ఒక మిషన్ ఇచ్చి ఉంటే ఆ గొడవే ఉండేది కాదని నా అభిప్రాయం. 2024 ఎన్నికల తర్వాత మన ఒంగోలులోనే 12 పోలింగ్ కేంద్రాల మిషన్లు తనిఖీ చేయమని ఓడిన అభ్యర్థి అడిగారు. ఆయన పార్టీ మీకు నచ్చినా నచ్చకపోయినా, అడిగే హక్కు మంచిదే.

ఇక మీ పని. వీవీప్యాట్ చీటీని చెవికి వినిపించాలి. స్పీకర్ తగిలిస్తే సరిపోతుందని వెనక బెంచీలో ఎవరో అంటున్నారు. ఓటు తీసుకున్న మిషనే "నువ్వు ఫలానా గుర్తుకి వేశావు" అని చెబితే అది తనిఖీ ఎలా అవుతుంది? తప్పు చేసిన మిషన్ అబద్ధం కూడా చెప్పగలదు. కాబట్టి ముద్రించిన చీటీని విడిగా ఇంకో పరికరం చదవాలి. చదివింది ఎక్కడా దాచుకోకూడదు, లేదంటే వరుసక్రమం చూసి ఎవరి ఓటేదో చెప్పేస్తారు. ఇయర్‌ఫోన్ మాట పక్కన కూర్చున్న ఏజెంటుకి వినపడకూడదు. కరెంటు లేని బడిలో బ్యాటరీ మీద నడవాలి. పిడికిలితో నొక్కినా దిగే బటన్ ఉండాలి. ఫైనలియర్ ప్రాజెక్టుకి ఎవరు తీసుకుంటారో చేతులెత్తండి.