డైనో మీద బండి, ట్యాంకులో ఏ పెట్రోలు?

వ్యాఖ్యాత: నమస్కారం. బండిని రోలర్ల మీద ఎక్కించి, పూర్తి థ్రాటిల్‌లో పరుగెత్తించి బలం కొలిచే డైనో పరీక్ష గురించి ఈరోజు చర్చ. ఒక ఇంజన్ ట్యూనర్, ఆటోమొబైల్ ఇంజనీరింగ్ అధ్యాపకురాలు, ఆ పరీక్షలో ఇంజన్ పోగొట్టుకున్న ఒక కారు యజమాని మనతో ఉన్నారు. మీ ముందు బల్ల మీద ఉన్నది ఏమిటండీ?

యజమాని: నా కారు పిస్టనండి. పై రింగుకూ రెండో రింగుకూ మధ్య ఉండే గట్టు ఇదిగో, ఇక్కడ విరిగింది. ఈ అంచు మీద వేలు పెట్టి చూడండి, ఎలుక కొరికినట్టు గరుకుగా ఉంటుంది. నాలుగు పరుగులు బాగానే సాగాయి. ఐదో పరుగులో బలం పడిపోయింది, వెనక నీలి పొగ.

వ్యాఖ్యాత: పెట్రోలు తప్పా?

యజమాని: ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు రాకముందు సంగతి. ఇంజన్ కంప్యూటర్‌లోకి ఎక్కించే సెట్టింగులు, అదే ట్యూన్ ఫైలు, అమెరికా నుంచి తెప్పించాను. దాని మీద 91 ఆక్టేన్ అని ఉంది. మా ఊరి బంకులోనూ 91. సరిపోయిందనుకున్నాను.

అధ్యాపకురాలు: ఆ రెండు 91లూ ఒకటి కావండి. ఆక్టేన్ కొలిచే పద్ధతులు రెండు. ఒకే సిలిండర్ ఉన్న పరీక్ష ఇంజన్‌ను నిమిషానికి 600 చుట్లతో నడిపి కొలిచేది రాన్. 900 చుట్లతో, గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని ఇంకా వేడిచేసి కొలిచేది మాన్. మన బంకుల్లో రాసేది రాన్. అమెరికాలో ఆ రెండింటి సగటు రాస్తారు. వాళ్ల 91 మన లెక్కలో దాదాపు 95, 96 అవుతుంది.

వ్యాఖ్యాత: ఆ నాలుగైదు అంకెలకే పిస్టన్ విరుగుతుందా?

అధ్యాపకురాలు: ఆక్టేన్ పెట్రోలుకున్న ఓర్పు. ప్లగ్ దగ్గర పుట్టిన మంట చేరేలోపు, సిలిండర్ అంచున మిగిలిన మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తనంతట తానే అంటుకోకుండా ఆగాలి. ఆగలేకపోతే పీడన తరంగాలు సుత్తిలా కొడతాయి. దీన్నే నాకింగ్ అంటారు. లోహాన్ని కాపాడే పలుచని వాయుపొర చెదిరి, వేడి నేరుగా అల్యూమినియంలోకి దిగుతుంది. ఓర్పు ఎక్కువని ఇంధనంలో శక్తి ఎక్కువ ఉండదు. ఇథనాల్‌నే చూడండి, ఆక్టేన్ ఎక్కువ, శక్తి తక్కువ.

ట్యూనర్: రోడ్డు మీద ఐదు సెకన్లు తొక్కితే ముందు లారీ అడ్డొస్తుంది, కాలు తీస్తాం. డైనో మీద అడ్డొచ్చేదేమీ లేదు. ఎదురుగాలికి బదులు ఒక ఫ్యాను. ఎండాకాలం షెడ్డులో, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పరుగు పరుగుకూ కాగుతుంది. లోపలికి వెళ్లే గాలి ఎంత వేడైతే నాకింగ్ అంత దగ్గరవుతుంది. అందుకే వీరికి ఐదో పరుగులో పోయింది.

వ్యాఖ్యాత: నాక్ సెన్సార్ ఉంటుంది కదా?

ట్యూనర్: ఉంటుంది. ఇంజన్ బ్లాకులో ప్రకంపన విని, ప్లగ్ నిప్పురవ్వ వేసే టైమింగును కొన్ని డిగ్రీలు వెనక్కి లాగుతుంది. అంటే దెబ్బ పడ్డాకే దానికి తెలుస్తుంది. గ్రాఫులో నాలుగు హార్స్‌పవర్ పెంచి చూపడానికి దాని సున్నితత్వం తగ్గించేవాళ్లున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. నేనైతే ముందు బంకు బిల్లు అడుగుతాను. లేదంటే ట్యాంకు ఖాళీ చేయిస్తాను. మొదటి పరుగు తక్కువ బూస్ట్‌తోనే, అంటే టర్బో ఒత్తిడి తగ్గించి. ప్రతి పరుగు తర్వాత ఇంజన్ కంప్యూటర్ నమోదు చేసిన లాగ్ చదివి, ఇంజన్ చల్లబడ్డాకే తర్వాతిది. చివరికి ప్లగ్ విప్పి భూతద్దంలో చూస్తాను. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు, మెరిసే రేణువులు కనిపిస్తే ఆ రోజుకు పని బంద్. ఆ మెరుపు పిస్టన్ అల్యూమినియమే.

వ్యాఖ్యాత: ఇప్పుడు ఈ20 ఆక్టేన్ 95 కదా. భయం తీరినట్టేనా?

అధ్యాపకురాలు: ఓర్పు పెరిగింది, నిజమే. కానీ మామూలు పెట్రోలు ఒక కిలో కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి 13.5 దగ్గర. అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. పాత ట్యూనులో ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు అప్పటికే తమ సామర్థ్యం చివరి అంచున ఉంటే, పై చుట్లలో ఇంధనం చాలక మిశ్రమం పలచబడుతుంది, నాకింగ్ ముప్పు మళ్లీ వస్తుంది. ఈ20 కొట్టించాక ట్యూను మళ్లీ సరిచూడాల్సిందే.

వ్యాఖ్యాత: మీరు మళ్లీ డైనోకు వెళ్లారా?

యజమాని: ఇంజన్ బాగుచేయించాక వెళ్లానండి, వేరే చోటుకి, బంకు బిల్లు జేబులో పెట్టుకుని. మునుపటి కంటే బలం తక్కువే వచ్చింది. ఐదు పరుగులయ్యాక ప్లగ్ విప్పి, భూతద్దంతో సహా నా చేతికిచ్చారు. పింగాణీ మీద ఒక్క చుక్క లేదు.