విమానం నిలిచినా ఆగని మక్తా
(విజయవాడలో వాణిజ్యశాస్త్ర విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

గన్నవరంలో విమానం ఎక్కేటప్పుడు తోక మీది పేరు చూసి అది ఆ కంపెనీ సొత్తేనని అనుకుంటాం. చాలా విమానాల్లో తలుపు చట్రం దగ్గర ఒక చిన్న రేకు బిగించి ఉంటుంది. అసలు యజమాని పేరు దాని మీద ఉంటుంది, ఆ యజమాని తరచుగా ఐర్లాండులోనో మరో దేశంలోనో ఉంటాడు. కంపెనీ ఆ విమానాన్ని లీజుకు, అంటే అద్దెకు తీసుకుని నడుపుతుంది.

మన ఆటోనగర్ లారీ యజమాని ఫైనాన్సు మీద బండి కొంటాడు. వాయిదాలు తీరితే బండి అతనిదే. విమానయాన సంస్థ పరిస్థితి అది కాదు, డెల్టా కౌలుదారుది. పంట పండినా మునిగినా మక్తా చెల్లించాలి, గడువు తీరాక పొలం అప్పగించాలి. పైగా ఇంజన్ల మరమ్మతు కోసం ప్రతి నెలా రిజర్వు, అంటే ముందస్తు నిధి కట్టాలి, ఒప్పందంలో రాసిన స్థితిలోనే విమానాన్ని తిరిగి ఇవ్వాలి. కొత్త విమానాన్ని కొన్న రోజే లీజు సంస్థకు అమ్మి, దాన్నే తిరిగి లీజుకు తీసుకోవడం కూడా ఈ రంగంలో మామూలే. ఆ అమ్మకంలో చేతికొచ్చే డబ్బు చూడముచ్చటగానే ఉంటుంది; ఆ తరువాత ఏళ్ల తరబడి కట్టే అద్దె అంత ముచ్చటగా ఉండదు.

అద్దె డాలర్లలో కట్టాలి, టికెట్టు డబ్బు ఎక్కువగా రూపాయల్లో వస్తుంది. నెలకు 4 లక్షల డాలర్ల అద్దె అనుకోండి. డాలరు 70 రూపాయలున్నప్పుడు అది 2.80 కోట్లు, 85 అయితే 3.40 కోట్లు. ఒక్క సీటు కూడా పెరగకుండానే ఒక్కో విమానం మీద నెలకు 60 లక్షల అదనపు భారం పడుతుందన్నమాట.

2019 ఏప్రిల్ 1 వరకు ఈ బాధ్యతలో అధిక భాగం ఆస్తి అప్పుల పట్టీలో కాక, అనుబంధ వివరాల్లో కనిపించేది. ఆ రోజు అమల్లోకి వచ్చిన ఇండ్ ఏఎస్ 116 అనే భారతీయ లెక్కల ప్రమాణం దాన్ని అప్పుగా చూపించి తీరాలన్నది. జెట్ ఎయిర్‌వేస్ విమానాలు నిలిచిపోయింది అదే నెల 17న కావడం యాదృచ్ఛికమే అయినా, నాకెప్పుడూ ఆ రెండు తేదీలు కలిసే గుర్తొస్తాయి.

ఇక సంస్థ కూలినప్పుడు ఎవరికి ఏం దక్కుతుందన్న ప్రశ్న. 2023 మే 2న గో ఫస్ట్ విమాన సంస్థ తనంతట తానే దివాలా పిటిషన్ వేసింది. ఇంజన్లు అందక దాని విమానాల్లో సగం అప్పటికే నేల మీద ఉన్నాయి. ట్రిబ్యునల్ పిటిషన్‌ను స్వీకరించగానే మారటోరియం, అంటే సంస్థ దగ్గరున్న ఆస్తులను ఎవరూ తీసుకెళ్లకూడదన్న నిషేధం వచ్చింది, దాంతో లీజుకిచ్చిన యజమానులు తమ విమానాలను తామే తీసుకెళ్లలేకపోయారు. భారత్ 2008లోనే కేప్‌టౌన్ ఒప్పందంలో, అంటే అద్దె కట్టకపోతే యజమాని తన విమానాన్ని వెనక్కి తీసుకునే హక్కును కాపాడే అంతర్జాతీయ ఒప్పందంలో చేరింది గాని దాన్ని దేశీయ చట్టంగా మలచలేదు, ఆ లోటే ఇక్కడ బయటపడింది. అదే ఏడాది అక్టోబరు 3న కేంద్రం విమానాలను మారటోరియం నుంచి మినహాయించింది. 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చేయమని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏను ఆదేశించింది. 2025లో, మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు పౌర విమానయాన మంత్రిగా ఉండగా, పార్లమెంటు ఆ ఒప్పందాన్ని అమలు చేయడానికి ప్రత్యేక చట్టమే చేసింది.

ఈ చట్టం అవసరమే. విమానం తిరిగి వస్తుందన్న నమ్మకం లేని యజమాని ఆ భయాన్ని కూడా అద్దెలో కలిపి వసూలు చేస్తాడు. కానీ విమానాలు వెళ్లిపోయాక మన బ్యాంకులకు మిగిలేదేమిటో కూడా చూడాలి. కింగ్‌ఫిషర్‌కు అప్పిచ్చిన బ్యాంకులు ఆ విమాన సంస్థ బ్రాండు పేరును కూడా తాకట్టుగా తీసుకున్నాయి. 2016లో వేలానికి పెడితే పాట పాడేవారే రాలేదు. ముంబయిలోని కింగ్‌ఫిషర్ హౌస్‌కు అదే ఏడాది కనీస ధర 150 కోట్లుగా పెట్టారు. పలుమార్లు వేలం వేసి, చివరికి 2021లో సుమారు 52 కోట్లకు అమ్మారు.